సీజన్ టికెట్ ఇంకొకరి చేతికిస్తే క్లబ్బు ఏం చేస్తుంది, చట్టం ఏమంటుంది

తమ్ముడూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ సంగతి క్లుప్తంగా చెబుతాను. మీరు మాంచెస్టర్ దగ్గర ఎమ్మెస్సీ చదువుతున్నారు. మీ ఇంట్లోనే ఉండే అన్నకు ప్రీమియర్ లీగ్ (ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్) క్లబ్బు ఒకదానిలో సీజన్ టికెట్ ఉంది, అంటే సీజన్ పొడవునా క్లబ్బు సొంత మైదానంలో జరిగే లీగ్ మ్యాచ్‌లకు ఆయన పేరున ఒక సీటు. చెల్లెలి పెళ్లికని ఆయన రెండు నెలలు ఇండియా వెళ్తూ, పాస్ ఉన్న పాత ఫోన్ మీ చేతిలో పెట్టి వెళ్లారు. మూడు మ్యాచ్‌లు మీరే చూశారు. నాలుగోదాని రోజు వేర్‌హౌస్‌లో షిఫ్టు పడింది. సీటు ఖాళీగా పోతుందని తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టి, ముక్కూముఖం తెలియని ఒకతనికి 130 పౌండ్లకు ఇచ్చారు. అతను అవతలి జట్టు అభిమాని. వాళ్లు గోల్ కొట్టగానే మీ క్లబ్బు అభిమానుల మధ్యలో లేచి కేకలు పెట్టాడు. స్టేడియంలో భద్రత చూసే స్టీవార్డులు బయటికి తీసుకెళ్లి పేరడిగారు, పాస్ మీద ఉన్న పేరు వేరు. వారం తిరక్కుండా అన్నకు ఈమెయిల్ వచ్చింది: సీజన్ టికెట్ నిరవధికంగా ఆపేశాం, 14 రోజుల్లో వివరణ ఇవ్వండి. ఇది నేరమా, వీసాకు ఏమైనా అవుతుందా, జవాబులో ఏం రాయాలి అని మీరు అడుగుతున్నారు.

నేను ఇంగ్లండ్ వాయవ్య ప్రాంతంలో 17 ఏళ్లుగా ఉంటున్నాను. ఐదు సీజన్లు ఒక క్లబ్బులో మ్యాచ్ రోజున టికెట్ సమస్యలు చూసే కిటికీ వెనక కూర్చున్నాను. ఆ తర్వాత అభిమానుల సంఘం తరఫున, ఇలాంటి ఈమెయిల్ వచ్చినవాళ్లకు జవాబులు రాసుకోవడంలో సాయం చేస్తున్నాను. లాయర్‌ని మాత్రం కాను. ఎక్కడ లాయర్ అవసరమో అక్కడ చెబుతాను.

మీకు నిద్ర పట్టనివ్వనిది వీసా కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. క్లబ్బు పంపిన ఈమెయిల్ పోలీసు కేసు కాదు. క్లబ్బు మీ అన్న టికెట్‌ని ఆపేసినా, జీవితకాలం నిషేధించినా అది ఒక సంస్థకూ దాని ఖాతాదారుకూ మధ్య వ్యవహారం, నేరచరిత్రలో నమోదు కాదు. వీసా దరఖాస్తులో అడిగేది కోర్టు శిక్షల గురించీ, జరిమానాల గురించీ, పోలీసులు ఇచ్చే అధికారిక హెచ్చరిక (కాషన్) గురించీ. అందువల్ల ఈరోజు ఉన్న స్థితిలో మీ వీసాకు ఏమీ కాలేదు. కానీ పోలీసులు పట్టించుకుని కోర్టుకు వెళ్తే, చిన్న జరిమానా పడినా అది శిక్షే. ఇకపై చేసే ప్రతి దరఖాస్తులో దాన్ని చెప్పాలి, దాచితే ఆ దాచడం అసలు తప్పుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

ఇక నేరమా అన్న ప్రశ్న. అవును తమ్ముడూ, మీరు చేసింది చట్టం దృష్టిలో నేరమే. మెత్తగా చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించలేను. 1994 నాటి క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ యాక్ట్‌లో 166వ సెక్షన్ ఉంది. మ్యాచ్ నిర్వాహకులు రాతపూర్వకంగా అనుమతించని ఏ వ్యక్తీ ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ చట్టం కిందికొచ్చే ఫుట్‌బాల్ మ్యాచ్ టికెట్‌ని అమ్మకూడదు, మరో రకంగా ఇంకొకరికి చేరవేయకూడదు. మొదట్లో ఇది వీధిలో, స్టేడియం బయట అమ్మేవాళ్లకూ వ్యాపారంగా చేసేవాళ్లకూ మాత్రమే వర్తించేది. 2006లో చేసిన సవరణతో ఇంటర్నెట్టూ, ఇంట్లో కూర్చుని చేసే బేరమూ అన్నీ లోపలికొచ్చాయి.

ఈ సెక్షన్‌లో మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒక చోట. “ముద్రించిన ధరకే ఇచ్చాను, పైసా లాభం తీసుకోలేదు, ఇది బ్లాక్ ఎలా అవుతుంది?” అంటారు. మనకు బ్లాక్ అంటే కొత్త సినిమా విడుదల రోజు హాలు ముందు రెట్టింపు ధరకు అమ్మేవాడు గుర్తొస్తాడు, అందుకే ఆ ఆలోచన. ఈ చట్టంలో ధర ప్రసక్తే లేదు. సగం ధరకు అమ్మినా అనుమతి లేకపోతే అమ్మకమే. అమ్ముడుపోకపోయినా సరే, గ్రూపులో “టికెట్ ఉంది, కావాలంటే మెసేజ్ చేయండి” అని పెట్టడమే అమ్మకం కిందికి వస్తుంది. ఇంకొకరు అమ్మిపెట్టడానికి వాళ్ల చేతికివ్వడమూ అంతే. “టికెట్ ఉచితమే, కానీ నా దగ్గర గది అద్దెకు తీసుకో” అనే దారి కూడా మూసేశారు. వేరే వస్తువుకో సేవకో డబ్బు తీసుకుని టికెట్ ఇచ్చినా అమ్మినట్టే. టికెట్ అని నమ్మించే నకిలీ కాగితం కూడా ఈ సెక్షన్‌లో టికెట్టే.

శిక్ష జరిమానా. జైలు లేదు. పాత రోజుల్లో గరిష్ఠం 5,000 పౌండ్లు, 2015 మార్చి నుంచి ఆ పరిమితి తీసేశారు. జరిమానాకన్నా భయపడాల్సింది ఇంకొకటి ఉంది. ఈ నేరం రుజువైతే, ప్రత్యేక పరిస్థితుల వల్ల అది అన్యాయమనిపిస్తే తప్ప, కోర్టు ఫుట్‌బాల్ బ్యానింగ్ ఆర్డర్ (మ్యాచ్‌లకు వెళ్లకుండా నిషేధించే ఉత్తర్వు) కూడా ఇవ్వాలి. జైలు లేని నేరాలకు అది మూడేళ్ల నుంచి ఐదేళ్ల దాకా ఉంటుంది. దాని కింద ఒక్క క్లబ్బు కాదు, దేశంలో ఆ ఉత్తర్వు పరిధిలోకొచ్చే ఏ మ్యాచ్‌కూ వెళ్లడానికి లేదు. కొన్ని విదేశీ మ్యాచ్‌ల సమయంలో పాస్‌పోర్ట్ పోలీసులకు అప్పగించమనే షరతు కూడా ఉంటుంది. ఆ రోజుల్లోనే ఇంట్లో శుభకార్యమో, చెడు కబురో వచ్చి ఇండియా బయల్దేరాల్సి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇంత చెప్పాక నా అనుభవం కూడా చెప్పాలి. ఒక్క టికెట్, ఒక్కసారి, ఇలాంటి పరిస్థితిలో ఇచ్చినవాళ్ల మీద కేసు నడవడం నేను చూడలేదు. పోలీసులు పడేది పదుల కొద్దీ టికెట్లు అక్రమంగా అమ్మి బతికే టౌట్‌ల వెంట. మీలాంటివి క్లబ్బులే తమ స్థాయిలో తేలుస్తాయి. ఇది హామీ కాదు. చిన్న కోర్టు నేరాలకు సాధారణంగా ఆరు నెలల్లోపు కేసు మొదలుపెట్టాలి, అంతవరకూ తలుపు తెరిచే ఉంటుంది.

మీ సందేశంలో ఒక మాట నన్ను ఆపేసింది. “ఒక సీటు కోసం ఇంత రాద్ధాంతమా?” అని రాశారు. సంగీత కచేరీ టికెట్ మళ్లీ అమ్మితే అది దానికదే నేరం కాదు, ఫుట్‌బాల్‌కి మాత్రం ప్రత్యేక చట్టం ఎందుకుందో తెలిస్తే ఆ మాట మీరే వెనక్కి తీసుకుంటారు.

1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్, ఇటలీ క్లబ్బు యువెంటస్ మధ్య యూరోపియన్ కప్ ఫైనల్. లివర్‌పూల్ అభిమానుల పక్కనే జెడ్ బ్లాక్ ఉంది. ఏ జట్టుకూ చెందని బెల్జియం ప్రేక్షకులకని దాన్ని కేటాయించారు. ఆ టికెట్లు చేతులు మారి, టౌట్‌ల ద్వారా, ఏజెన్సీల ద్వారా యువెంటస్ అభిమానులకు చేరాయి. రెండు జట్ల వాళ్లూ ఉండకూడదనుకున్న చోట యువెంటస్ వాళ్లు, మధ్యలో బలహీనమైన కంచె. మ్యాచ్ మొదలవకముందే లివర్‌పూల్ అభిమానులు కొందరు వాళ్ల మీదికి దూసుకెళ్లారు, భయంతో వెనక్కి జరిగిన జనం గోడ దగ్గర నలిగిపోయారు, గోడ కూలింది. 39 మంది చనిపోయారు, ఎక్కువమంది ఇటాలియన్లు. దాడి చేసినవాళ్ల తప్పు, శిథిలమైన స్టేడియం తప్పు వేరే ఉన్నాయి. కానీ ఆ బ్లాక్‌లోకి ఆ మనుషులు ఎలా వచ్చారంటే టికెట్ చేతులు మారడం వల్ల.

నాలుగేళ్ల తర్వాత, 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు కోల్పోయారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మన గ్రూపుల్లో కూడా తప్పుగా చెబుతుంటారు: టికెట్ లేకుండా వచ్చిన జనం వల్ల అది జరగలేదు. పోలీసులు అప్పట్లో ఆ నింద వేశారు, విచారణ జరిపిన జడ్జి టేలర్ దాన్ని తోసిపుచ్చారు, 2016లో జ్యూరీ కూడా అభిమానుల తప్పు లేదని తేల్చింది. లివర్‌పూల్‌లో ఉండే ఏ పెద్దాయన ముందూ ఆ నింద పలకకండి. అయితే 1990 జనవరిలో వచ్చిన టేలర్ తుది నివేదిక స్టేడియంల భద్రతనంతా తిరగేసి చూసింది. మ్యాచ్ రోజున అనుమతి లేకుండా టికెట్ అమ్మడాన్ని నేరంగా చేయడం ఆలోచించమని సూచించింది. టౌట్ చేతిలోంచి వెళ్లిన టికెట్ రెండు జట్ల అభిమానులను విడదీసే ఏర్పాటుకు గండికొడుతుందన్నది దాని వెనక ఉన్న ఆందోళన. నాలుగేళ్లకు 166వ సెక్షన్ వచ్చింది.

ఇప్పుడు మీ నాలుగో మ్యాచ్‌కి రండి. అవతలి జట్టు అభిమాని, మీ క్లబ్బు అభిమానుల మధ్యలో, తన జట్టు గోల్ కొట్టినప్పుడు కేకలు. ఆ రోజు అతనికి దెబ్బలు తగల్లేదు, స్టీవార్డులు సమయానికి వచ్చారు. నేను పనిచేసిన రోజుల్లో అలా ముఖం పగిలి, పక్కనున్న పిల్లాడు ఏడుస్తుండగా బయటికి తెచ్చినవాళ్లను చూశాను. మీరు అమ్మినప్పుడు అతను ఎవరి అభిమానో అడగలేదని రాశారు. క్లబ్బుకు కోపం తెప్పించేది ఆ 130 పౌండ్లకన్నా ఇదే.

క్లబ్బు నిబంధనల విషయానికొస్తే, మనకు బాగా తెలిసిన రైల్వే రిజర్వేషన్‌తో పోల్చుకోండి. మీ పేరు మీద ఖరారైన బెర్తును దారినపోయేవాడికి ఇవ్వలేరు. తండ్రికో, చెల్లెలికో మార్చాలంటే బండి బయల్దేరడానికి 24 గంటల ముందు రిజర్వేషన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. సీటు మీ సొత్తు కాదు, మీ పేరున ఇచ్చిన అనుమతి. సీజన్ టికెట్ కూడా సరిగ్గా అంతే. కొనేటప్పుడు టిక్కు పెట్టే షరతుల్లో టికెట్ ఎప్పుడూ క్లబ్బు ఆస్తిగానే ఉంటుందని, అనుమతించిన దారిలో తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదని, ఎవరు వాడినా వాళ్ల ప్రవర్తనకు పేరున్న వ్యక్తే బాధ్యుడని ఉంటుంది. ఆ మూడో షరతు వల్లే, ఇండియాలో పెళ్లి పందిట్లో ఉన్న మీ అన్నకు ఆ ఈమెయిల్ వచ్చింది.

అనుమతించిన దారులు దాదాపు ప్రతి పెద్ద క్లబ్బులో ఉన్నాయి. మీ అన్నకు అవి తెలియకపోవడమే నాకు బాధగా ఉంది. ఒకటి ట్రాన్స్‌ఫర్: క్లబ్బు ఖాతాలో ముందే నమోదు చేసిన స్నేహితుడికో, సభ్యత్వం ఉన్న ఇంకొకరికో ఆ ఒక్క మ్యాచ్ టికెట్‌ని యాప్ ద్వారా పంపడం. అప్పుడు గేటు దగ్గర పాస్ వాళ్ల పేరు మీదే, వాళ్ల ఫోన్‌లోనే ఉంటుంది. ఎన్నిసార్లు పంపవచ్చు, మ్యాచ్‌కి ఎన్ని గంటల ముందు వరకు పంపవచ్చు అన్నది క్లబ్బును బట్టి మారుతుంది. రెండోది ఎక్స్ఛేంజ్: సీటును క్లబ్బుకే తిరిగి ఇచ్చేయడం. క్లబ్బు దాన్ని మరో సభ్యుడికి అమ్మి, సీజన్ ధరలో ఒక మ్యాచ్ వాటా మీ ఖాతాలో వేస్తుంది. లీగ్‌లో సొంత మైదానంలో 19 మ్యాచ్‌లు కాబట్టి, సుమారుగా పంతొమ్మిదో వంతు అనుకోండి. 130 పౌండ్లు రావు, కానీ టికెట్ పోదు. షిఫ్టు పడిందని తెలిసిన రోజు రాత్రే మీ అన్న అక్కణ్నుంచి ఫోన్‌లో రెండు నిమిషాల్లో ఈ పని చేసి ఉండేవారు.

తల్లిదండ్రులతో వెళ్లేవాళ్లకు ఒక చిన్న మాట. పిల్లల టికెట్, విద్యార్థి టికెట్, వృద్ధుల టికెట్ తక్కువ ధరకు ఇస్తారు. వాటిని పెద్దవాళ్లకు పంపాలంటే ముందు తేడా కట్టి అప్‌గ్రేడ్ చేయించాలి. పదేళ్ల పిల్లాడి పాస్‌తో నలభై ఏళ్ల నాన్న గేటు దాటబోతే అక్కడి మిషన్ మీద వేరే రంగు దీపం వెలుగుతుంది, స్టీవార్డ్ కంటికి వెంటనే కనబడుతుంది.

బయటి మైదానాల్లో జరిగే మ్యాచ్‌ల టికెట్ల దగ్గర క్లబ్బులు ఇంకా కఠినంగా ఉంటాయి. ప్రీమియర్ లీగ్‌లో అవతలి జట్టు అభిమానులకు ఇచ్చేది 3,000 టికెట్లు, లేదా మైదానం సామర్థ్యంలో పదో వంతు, ఏది తక్కువైతే అది. వాటి ధర 2016–17 సీజన్ నుంచి 30 పౌండ్లు దాటకూడదు. ఇంత తక్కువ టికెట్లు, ఇంత తక్కువ ధర కావడంతో వాటి కోసం పోటీ ఎక్కువ. అందుకే ఏళ్ల తరబడి వెళ్లినవాళ్లకు పాయింట్లు, క్రెడిట్లు ఇస్తారు. కొందరు వెళ్లకుండానే టికెట్ కొని ఇంకొకరికి అమ్మి, క్రెడిట్ మాత్రం తమ ఖాతాలో జమ చేసుకుంటారు. న్యూక్యాజిల్‌కో బ్రైటన్‌కో తెల్లవారుజామునే బస్సు ఎక్కి వెళ్లే కుర్రాడి అవకాశాన్ని వాళ్లు తినేస్తున్నారు. దీన్ని పట్టుకోవడానికి క్లబ్బులు కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి, టికెట్ ఇంటికి పంపకుండా, ఆ ఊళ్లోనే ఫొటో గుర్తింపు చూపించి తీసుకోమంటాయి. రాకపోతే క్రెడిట్లన్నీ పోవచ్చు. నాకు ఈ పద్ధతి నూటికి నూరు పాళ్లూ న్యాయంగా అనిపిస్తుంది.

ఎలా పట్టుకుంటారన్నది చాలామంది అడుగుతారు. ఎక్కువ భాగం రహస్యమేమీ కాదు. గేటు దగ్గర ఫోన్ తాకించినప్పుడు సమయం, సీటు, ఖాతా నమోదవుతాయి. ఒకే కార్డుతో, ఒకే చిరునామాతో డజను సభ్యత్వాలు కొన్నారా, ఒకే ఫోన్‌లోంచి ఇరవై ఖాతాల్లోకి వెళ్లారా అన్నది కంప్యూటర్ చూస్తుంది. క్లబ్బు సిబ్బంది అనధికార సైట్లలో తామే టికెట్ కొని, వచ్చిన సీటు నంబర్ చూసి అసలు యజమానిని గుర్తిస్తారు. అమ్మకం పోస్టుల స్క్రీన్‌షాట్లు ఇతర అభిమానులే పంపుతారు, తెలుగు గ్రూపుల నుంచి కూడా వెళ్తాయి. ఇక మీ విషయంలోలా స్టాండ్‌లో గొడవైతే వెతకాల్సిన పనే లేదు.

శిక్షల మెట్లు క్లబ్బును బట్టి మారినా నేను చూసిన వరుస ఇలా ఉంటుంది. మొదటిసారి, డబ్బు చేతులు మారకుండా తమ్ముడికో స్నేహితుడికో ఫోన్ ఇచ్చినట్టు తేలితే హెచ్చరిక, లేదా కొన్ని మ్యాచ్‌ల సస్పెన్షన్. డబ్బు తీసుకుంటే మిగతా సీజన్ పోవడం, క్రెడిట్లు సున్నా కావడం మామూలే, కట్టిన డబ్బులో మిగిలింది తిరిగి రాకపోవచ్చు. అవతలి జట్టు వాళ్ల చేతికి వెళ్తే ఇంకొంచెం పెరుగుతుంది. వ్యాపారంగా, పదేపదే చేస్తే జీవితకాల నిషేధం, పోలీసులకు సమాచారం. లైన్‌లో ఏళ్ల తరబడి ఎదురుచూసి సంపాదించిన సీటు కాబట్టి, ఒకసారి పోయాక మళ్లీ వరుస చివర్నుంచి మొదలుపెట్టాలి. కొన్ని క్లబ్బుల్లో ఆ వరుస ఒక జీవితకాలం.

నాకూ ఒకసారి తగిలింది. ఇక్కడికొచ్చిన మూడో ఏడు, రాత్రి డ్యూటీ పడి నా కార్డును ఆఫీసులో ఒకతనికి ఇచ్చాను, డబ్బు తీసుకోలేదు. అతను తాగి స్టాండ్‌లో నిలబడనివ్వలేదని స్టీవార్డ్‌తో గొడవ పడ్డాడు. మూడు మ్యాచ్‌లు నాకు రాకుండా చేశారు. అప్పుడు నాకు చాలా అన్యాయంగా అనిపించింది. కిటికీ వెనక కూర్చున్నాకే ఆ నిర్ణయం సరైనదని అర్థమైంది.

ఇప్పుడు జవాబు. ఇది జాగ్రత్తగా చదవండి. ఒప్పందం మీ అన్నకూ క్లబ్బుకూ మధ్య ఉంది కాబట్టి జవాబు ఆయనే, ఆయన ఈమెయిల్ నుంచే రాయాలి. మీరు ఆయన ఖాతాలోకి వెళ్లి ఆయన పేరుతో రాయకండి. అది ఇంకో ఉల్లంఘన. మీరు చేసింది మీరు విడిగా ఒక పేజీ రాసి సంతకం పెట్టి ఇవ్వండి, ఆయన జత చేస్తారు.

కానీ దానికి ముందు ఒక ప్రశ్న. ఈమెయిల్‌లో పోలీసుల ప్రస్తావన, నేరం నంబరు, లేదా పోలీసు అధికారి ఫోన్ నంబరు ఏదైనా ఉందా? ఉంటే మీరు ఒక్క అక్షరం కూడా రాయకముందే లాయర్‌ని కలవండి, ఎందుకంటే డబ్బు తీసుకున్నానని మీ చేత్తో రాసిన కాగితం నేరాంగీకారమే. మీ యూనివర్సిటీ విద్యార్థి సంఘంలో ఉచిత సలహా కేంద్రం ఉంటుంది, ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ కూడా ఉంది. పోలీస్ స్టేషన్‌కు రమ్మంటే అక్కడ డ్యూటీ సొలిసిటర్‌ని (స్టేషన్‌కు పిలిచినవాళ్లకు అందుబాటులో ఉండే లాయర్‌ని) ఉచితంగా అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి. పోలీసుల మాట లేకపోయినా, మీ పేజీ పంపేముందు ఆ సలహా కేంద్రంలో ఒకరికి చూపించండి.

అన్న జవాబులో ఉండాల్సింది నాలుగైదు వాక్యాలే. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు దేశంలో లేరో, దానికి విమాన టికెట్ ఆధారం. ఫోన్ ఎవరికి, ఎందుకిచ్చారో. అమ్మకం తనకు తెలియకుండా జరిగిందన్నది, అది నిజమైతేనే. ట్రాన్స్‌ఫర్ దారి వాడకపోవడం తన తప్పేనని ఒప్పుకోవడం. ఎన్నేళ్లుగా ఖాతా ఉంది, ఇంతకుముందు ఏ ఫిర్యాదూ లేదన్నది. చివరగా స్పష్టమైన విన్నపం: నిరవధిక సస్పెన్షన్‌ని నిర్ణీత మ్యాచ్‌ల సస్పెన్షన్‌గా మార్చమని. దీనజనబాంధవా అని వేడుకోవాల్సిన పనిలేదు, “మీరు పక్షపాతం చూపిస్తున్నారు” అని ఎదురుదాడీ వద్దు.

మీరిద్దరూ మాట్లాడుకుని ఒకే కథ అల్లుదామని అనుకుంటున్నట్టు మీ చివరి పేరాలో కనిపించింది. దయచేసి ఆ పని చేయకండి. “అతను మా కజిన్, డబ్బు తీసుకోలేదు” అని రాస్తారు, ఆ కొన్నతను అప్పటికే స్టీవార్డ్‌కు 130 పౌండ్లు కట్టానని బ్యాంకు యాప్ చూపించి ఉంటాడు. నేను చూసిన అప్పీళ్లలో సస్పెన్షన్ జీవితకాల నిషేధంగా మారిన ప్రతిసారీ వెనక ఒక అబద్ధం ఉంది. అలాగే “ఒక్కసారే జరిగింది” అని రాయకండి. మొదటి మూడు మ్యాచ్‌లు మీరు ఆయన పేరుతో వెళ్లడం కూడా ఉల్లంఘనే, గేటు రికార్డు వాళ్ల దగ్గర ఉంది.

ఆ రికార్డు మీ అన్న కూడా చూడవచ్చు. క్లబ్బు దగ్గర తన గురించి ఉన్న సమాచారమంతా ఇవ్వమని డేటా రక్షణ చట్టం కింద అడిగే హక్కు ఆయనకుంది. డబ్బు కట్టక్కర్లేదు, మామూలుగా నెలలోపు ఇవ్వాలి. 14 రోజుల గడువుకు అది రాదు కాబట్టి జవాబు ఆపకుండా, ఇవాళే ఆ విన్నపం కూడా పంపమనండి. క్లబ్బు అంతర్గత అప్పీలు ముగిశాక కూడా శిక్ష మరీ ఎక్కువనిపిస్తే ఇండిపెండెంట్ ఫుట్‌బాల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. 2008 నుంచి టికెట్ నిషేధాల ఫిర్యాదులు వాళ్లు చూస్తున్నారు. వాళ్ల మాట క్లబ్బు పాటించి తీరాలని లేదు, అయినా క్లబ్బులు దాన్ని తేలిగ్గా తీసుకోవు. ఫుట్‌బాల్ సపోర్టర్స్ అసోసియేషన్ కూడా సలహా ఇస్తుంది.

కొన్నతని 130 పౌండ్లు తిరిగి ఇచ్చేయండి. కొనడం ఈ సెక్షన్ కింద నేరం కాదు. అతను డబ్బు కట్టి, ఆటలో సగం కూడా చూడకుండా బయటికెళ్లాడు. తిరిగి ఇవ్వడం వల్ల జరిగిన అమ్మకం చెరిగిపోదు, కానీ అది అతనికి చెందాల్సిన డబ్బు.

ఇదంతా చదువుతున్న మిగతా విద్యార్థులకు కూడా ఒక మాట, ఎందుకంటే గత రెండు మూడేళ్లుగా ఇది పెరుగుతోంది. “నీ పేరు మీద సభ్యత్వం తీసుకుంటాం, సభ్యత్వం డబ్బు మేమే కడతాం, మ్యాచ్‌కి ఇరవై పౌండ్లు ఇస్తాం” అని ఎవరైనా అడిగితే, లేదా “మ్యాచ్ రోజు స్టేడియం బయట నిలబడి టూరిస్టులకు ఈ ఫోన్లిచ్చి, లోపలికి వెళ్లాక మళ్లీ తీసుకురా” అనే పని చెబితే ఒప్పుకోకండి. దొరికేది మీరు, ఖాతా మీ పేరున, గేటు దగ్గర ముఖం మీది. అడిగినవాడి పేరు ఎక్కడా ఉండదు. పైగా విద్యార్థి వీసా మీద సొంత వ్యాపారం చేయకూడదన్న షరతుంది. ప్రతి వారం టికెట్లు అమ్మి సంపాదిస్తుంటే దాన్ని వ్యాపారమని అనడానికి పెద్ద తర్కం అవసరం లేదు. ఇంట్లో భూమి తాకట్టు పెట్టి పంపిన చదువును వారానికి ఇరవై పౌండ్లకు పణం పెట్టడం కొరివితో తల గోక్కోవడమే.

అమెరికాలో ఉన్న బంధువులు “మా దగ్గర ప్రపంచకప్ టికెట్ ఎంతకైనా అమ్ముకోవచ్చు” అన్నారని మీరు రాశారు. నిజమే, 2026 ప్రపంచకప్‌కు అక్కడ ఫీఫా సొంత రీసేల్ వేదికలోనే ముద్రించిన ధరకన్నా ఎక్కువకు పెట్టే వీలుంది. అది అక్కడి చట్టం, ఆ నిర్వాహకుడి అనుమతి. ఇక్కడ 166వ సెక్షన్. ఆ చట్టం స్కాట్లండ్‌కు కూడా వర్తించదు, అయినా గ్లాస్గో క్లబ్బుల సొంత నిబంధనలు మాత్రం ఉంటాయి.

ఈ రాత్రికి మూడు పనులు చేయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన పోస్టు, ఆ సంభాషణ చెరిపేయకుండా అలాగే ఉంచండి, చెరిపేస్తే దాచినట్టు కనిపిస్తుంది. అన్నకు ఫోన్ చేసి ఈ సమాధానం పంపండి, గడువు ఏ రోజు ముగుస్తుందో ఇద్దరూ రాసుకోండి. కొత్త ఖాతా, కొత్త ఈమెయిల్ తెరిచి టికెట్లు కొనే ప్రయత్నం ఇద్దరూ చేయకండి. చిత్తుప్రతి రాశాక పేర్లు, సీటు నంబర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. శనివారం మధ్యాహ్నం తర్వాత నాకు ఖాళీ ఉంటుంది, చదివి ఎక్కడ మార్చాలో చెబుతాను.